నాన్నగారికి కొత్త ఫోను: స్టోరేజ్, తెలుగు ఇంటర్‌ఫేస్ షాపులోనే ఎలా పరీక్షించాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నాన్నగారి పాత 32 జీబీ ఫోను వారం వారం ‘స్టోరేజ్ నిండిపోయింది’ అంటోంది, పట్టుకుంటే హ్యాంగవుతోంది. పదిహేను వేల లోపు కొత్తది కొనాలి. షాపులో రెండు చూపించారు: ఒకటి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్; ఇంకోటి ‘8+8 జీబీ’ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్. మొదటిది తీసుకుని 512 జీబీ మెమరీ కార్డు వేస్తే సరిపోతుంది కదా అని షాపులో చెప్పారు. నాన్నగారు ఫోను తెలుగులోనే వాడతారు. ఆయనకు కావాల్సినవి వాట్సాప్, యూట్యూబ్, యూపీఐ యాప్, మనవల ఫోటోలు.

ముందు సమాధానం చెప్పేస్తాను. 128 జీబీదే తీసుకోండి. అయితే అందులో ఉన్నది యూఎఫ్ఎస్ (వేగంగా పనిచేసే రకం) స్టోరేజ్ అని తేల్చుకున్నాకే డబ్బు కట్టండి. కార్డు ఫోటోలు దాచుకోవడానికి మాత్రమే, ఫోనుకి చోటు పెంచే సాధనం కాదు. ‘8+8’లో రెండో ఎనిమిదిని లెక్కలోంచి తీసేయండి. ఇక భాషని తెలుగుకి మార్చి, అక్షరాలు పెద్దవి చేసి, పది నిమిషాలు నాన్నగారి చేతికే ఇవ్వకుండా ఏ ఫోనూ ఖాయం చేయొద్దు.

హ్యాంగవడం గురించి చాలామంది పొరబడేది ఇక్కడే. ఫోను నెమ్మదిస్తే ర్యామ్ చాలలేదనో, ప్రాసెసర్ పాతబడిందనో అనుకుంటారు. వాట్సాప్, యూట్యూబ్ వాడే ఇంటి ఫోనులో అసలు దోషి ఎక్కువసార్లు స్టోరేజే. ఐకాన్ మీద వేలు పెట్టిన క్షణం నుంచి యాప్ తెరుచుకునేదాకా జరిగే పనిలో పెద్ద భాగం స్టోరేజ్‌లోంచి చిన్న చిన్న ముక్కలు చదవడమే. ఆ ముక్కలు వచ్చేదాకా ఎంత ఖరీదైన ప్రాసెసరైనా కాచుకుని కూర్చోవాల్సిందే. అందుకే ఇంటర్‌ఫేస్‌నీ స్టోరేజ్‌నీ విడివిడిగా తూచకండి. వేలికి తగిలే జాప్యం చాలావరకు స్టోరేజ్ నుంచే పుడుతుంది.

ఈ ధరలో దొరికేవి రెండు జాతులు. ఒకటి ఈఎమ్ఎమ్‌సీ, రెండోది యూఎఫ్ఎస్. ఈఎమ్ఎమ్‌సీ 5.1 కి కాగితం మీద గరిష్ఠ వేగం సెకనుకు 400 ఎంబీ, నిజంగా చదివేటప్పుడు చేతికందేది 250–300. యూఎఫ్ఎస్ 2.2 అయితే 500 నుంచి 1000 దాకా వస్తుంది. 3.1 దాదాపు 2000 దాకా వెళ్తుంది, కానీ ఈ బడ్జెట్‌లో అరుదు. వేగం కన్నా ముఖ్యమైన తేడా ఇంకోటుంది. ఈఎమ్ఎమ్‌సీ ఒకసారికి చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు. ఒకే వరస ఉన్న ఇరుకు వంతెన లాంటిది: ఇటు బస్సు దాటేదాకా అటు లారీ ఆగాలి. యూఎఫ్ఎస్‌లో రెండు దిక్కులకీ వేరే దారులుంటాయి, పైగా పనులు వరసలో పెట్టుకుని ఏది ముందు చేస్తే మేలో తనే చూసుకుంటుంది.

దీని ఫలితం ఇంట్లో ఎలా కనబడుతుందంటే, పొద్దున్నే వైఫై తగలగానే ప్లే స్టోర్ నాలుగు యాప్‌లు అప్‌డేట్ చేయడం మొదలెడుతుంది, వాట్సాప్ గ్రూపుల్లో రాత్రి వచ్చిన వీడియోలన్నీ దిగుతుంటాయి. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగుతుంది. ఈఎమ్ఎమ్‌సీ ఫోనులో గంట వినబడుతుంది గానీ ఎత్తే బటన్ తెర మీదికి రావడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. టచ్ పనిచేయట్లేదు అంటారు నాన్నగారు. టచ్‌కి ఏ రోగమూ లేదు.

ఏ జాతిదో తెలుసుకోవడానికి మొదట కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వివరాల పట్టిక తెరవండి. యూఎఫ్ఎస్ పెట్టిన కంపెనీ ఆ మాట గట్టిగానే రాసుకుంటుంది. స్టోరేజ్ రకం దగ్గర ఏమీ రాయకుండా ఒట్టి ‘128 జీబీ’ అని వదిలేశారంటే ఈఎమ్ఎమ్‌సీ అనుకునే అడుగెయ్యండి. ఒకే మోడల్ పేరు మీద వేరే వేరే కెపాసిటీల్లో వేరే రకం చిప్ ఉండటం కూడా మామూలే. ఖరీదైన గెలాక్సీ ఎస్23 లోనే 128 జీబీ దానికి యూఎఫ్ఎస్ 3.1, 256 కి 4.0 పెట్టారు. కాబట్టి మోడల్‌ది కాదు, మీరు కొనే వేరియంట్‌ది చూడాలి.

డెమో పీస్‌లో యాప్‌లు వేయనిస్తే ‘డివైస్ ఇన్ఫో హెచ్‌డబ్ల్యూ’ అనే యాప్ చిప్ రకం చూపిస్తుంది. వేగం కొలవడానికి ‘సీపీడీటీ’ వాడండి. అందులో సీక్వెన్షియల్ రీడ్ (పెద్ద ఫైలుని వరసగా చదివే వేగం) సెకనుకు 300 ఎంబీ లోపు వస్తే అది ఈఎమ్ఎమ్‌సీ అనుకోవచ్చు. ఆ పెద్ద అంకె కన్నా కిందుండే ర్యాండమ్ రైట్, ర్యాండమ్ రీడ్ (అక్కడక్కడా ఉన్న చిన్న ముక్కలు రాసే, చదివే వేగం) అంకెలు చూడండి. రోజువారీ వాడకంలో చురుకుదనం ఇచ్చేవి అవే. పరీక్ష రెండుసార్లు నడిపి రెండోదాన్ని నమ్మండి. రాత వేగం కోసం చిప్‌లో కొంత భాగాన్ని తాత్కాలికంగా వేగవంతమైన నిల్వగా వాడతారు, మొదటి పరీక్ష దాని వల్ల మెరుగ్గా కనబడొచ్చు. యాప్‌లు వేయనివ్వని షాపులో ఇంకో దారి ఉంది: ప్లే స్టోర్‌లో ‘అన్నీ అప్‌డేట్ చేయి’ నొక్కి, అది జరుగుతుండగానే డయలర్ (కాల్ చేసే యాప్), కెమెరా, గ్యాలరీ మార్చి మార్చి తెరవండి. కెమెరా తెరుచుకోవడానికి రెండు సెకన్లు దాటుతుంటే ఆ ఫోను వద్దు.

ఇప్పుడు ఎంత చోటు కావాలో లెక్క వేద్దాం. డబ్బా మీది 128 లో సిస్టమ్‌కీ ముందే వేసిన యాప్‌లకీ పోగా కొత్త ఫోనులో మీకు మిగిలేది సుమారు 100 జీబీ. 64 లో అయితే 40–45. నాన్నగారి అవసరం ఇలా ఉంటుంది: పదిహేను ఇరవై యాప్‌లూ వాటి డేటా కలిపి 12–15 జీబీ, రెండేళ్లలో వాట్సాప్ 15–20 జీబీ. ఫోటో ఒక్కోటి 3–5 ఎంబీ వేసుకున్నా రెండు వేల ఫోటోలకి 6–10 జీబీ. వీడియో అసలు పెద్ద తిండిపోతు. 1080పీ లో నిమిషానికి 120–130 ఎంబీ, 4కే లో 350 ఎంబీ పైనే. మనవరాలి డ్యాన్సు ప్రోగ్రామ్ ఇరవై నిమిషాలు 4కే లో తీస్తే 7 జీబీ అక్కడే పోయింది. కెమెరా సెట్టింగ్స్‌లో ‘హై ఎఫిషియెన్సీ వీడియో’ లేదా ‘హెచ్.265’ అనేది ఉంటే ఆన్ చేయండి, దాదాపు సగం చోటు మిగులుతుంది.

కొన్న ప్రతి జీబీనీ నింపేయొచ్చని అనుకోకండి. ఫ్లాష్ మెమరీలో రాయడం చిన్న పేజీల్లో జరుగుతుంది, చెరపడం మాత్రం ఎన్నో పేజీలున్న పెద్ద బ్లాకుగానే జరుగుతుంది. ఖాళీ తగ్గితే కొత్తది రాయాలంటే ముందు ఏదో బ్లాకులో బతికున్న పేజీల్ని వేరేచోటికి మోసి, ఆ బ్లాకు చెరిపి, అప్పుడు రాయాలి. అంటే ఒక్క ఫోటో సేవ్ చేయడానికి నాలుగింతల పని. ఫోను 85–90 శాతం దాటాక నత్తనడక పట్టేది ఇందుకే. మరి ఫోను హెచ్చరిక ఎప్పుడిస్తుంది? ఆండ్రాయిడ్ మూల కోడ్‌లో ఆ గీత మొత్తం చోటులో 5 శాతం లేదా 500 ఎంబీ, రెండిట్లో ఏది తక్కువైతే అది. 128 జీబీ ఫోనులో 500 ఎంబీ మిగిలినప్పుడు హెచ్చరిక వస్తే, అప్పటికి నెలల తరబడి ఫోను నీరసిస్తూనే ఉంటుంది. ఎప్పుడూ 15–20 జీబీ ఖాళీ ఉంచండి. రాత్రిళ్లు ఛార్జింగ్‌లో పెట్టి వదిలేయడం కూడా మంచిదే. చెరిపేసిన చోటుని శుభ్రం చేసే పని ఆండ్రాయిడ్ ఫోను ఊరికే ఉన్నప్పుడు చేసుకుంటుంది.

‘8+8’ సంగతి. రెండో ఎనిమిది ర్యామ్ కాదు. మీ స్టోరేజ్‌లోంచి 8 జీబీ కోసి, ర్యామ్‌లో పట్టని డేటాని అక్కడ పడేసే ఏర్పాటు. ర్యామ్‌తో పోలిస్తే స్టోరేజ్ ఎన్నో రెట్లు నెమ్మది, పైగా ఆ రాతలన్నీ చిప్ ఆయుష్షులోంచే పోతాయి. నిజమైన ర్యామ్ 8 ఉన్న ఫోనులో దీన్ని ఆపేస్తే నష్టం లేదు, 8 జీబీ చోటు వెనక్కొస్తుంది. సెట్టింగ్స్‌లో వెతికే గడిలో ‘ర్యామ్’ అని కొడితే ‘ర్యామ్ ప్లస్’, ‘మెమరీ ఎక్స్‌టెన్షన్’ లాంటి పేరుతో దొరుకుతుంది. ఆఫ్ చేసి రీస్టార్ట్ చేయండి. 4 జీబీ ఫోనుని ‘4+4’ అని చూపిస్తే మటుకు అది నాలుగే. ఈ రోజు నాన్నగారి అవసరానికి నిజమైన 6 కి తగ్గొద్దు.

కార్డు గురించి షాపు మాట ఎందుకు కాదన్నానో వివరంగా చెప్పాలి, ఎక్కువమంది నష్టపోయేది దీని దగ్గరే. మొదటిది, ట్రే చూడండి. పిన్నుతో బయటికి లాగితే మూడు గుంటలుంటే రెండు సిమ్‌లూ కార్డూ పడతాయి. రెండే ఉంటే రెండో సిమ్ కావాలో కార్డు కావాలో తేల్చుకోవాలి. ఊళ్లో ఒక నెట్‌వర్క్ పొలంలో అందక రెండు సిమ్‌లు పెట్టుకునేవాళ్లకి కార్డు చోటు లేనట్టే. రెండోది, చాలా ఫోన్లలో యాప్‌లు కార్డులోకి పోవు. వాట్సాప్ తన మీడియాని కార్డు మీద పెట్టుకోదు. కెమెరా ఫోటోలు, దించుకున్న సినిమాలు, పాటలు మాత్రం పెట్టుకోవచ్చు.

మూడోది వేగం. కార్డు మీద ‘ఏ1’ అని గుర్తుంటే సెకనుకు కనీసం 1500 ర్యాండమ్ రీడ్‌లు, 500 రైట్‌లు చేస్తుందని హామీ. ఒక్కోటి 4 కేబీ అనుకుంటే రాత వేగం సెకనుకు 2 ఎంబీ. ‘ఏ2’ 4000, 2000 అంటుంది గానీ ఆ వేగం రావాలంటే ఫోను వైపు కూడా మద్దతుండాలి. మీ అవసరానికి ‘ఏ1’ చాలు. 4కే వీడియో నేరుగా కార్డు మీదికి తీయాలంటే ‘వీ30’ లేదా ‘యూ3’ గుర్తు చూసుకోండి, సెకనుకు కనీసం 30 ఎంబీ రాస్తుందని దానర్థం.

నాలుగోది నకిలీలు. ‘512 జీబీ’ అని ముద్రేసి మూడు నాలుగొందలకి అమ్మే కార్డులో ఉండేది 16 జీబీయో 32 జీబీయో. లోపలి కంట్రోలర్‌కి అబద్ధం నేర్పుతారు: ఎవరడిగినా 512 అని చెప్పు అని. అసలు చోటు నిండేదాకా అంతా బాగానే ఉంటుంది. ఆ తరవాత రాసేది పాతదాని మీద పడుతుంది, లేదా ఎక్కడా పడదు. గ్యాలరీలో చిన్న బొమ్మ కనబడుతుంది, నొక్కితే బూడిదరంగు పలక వస్తుంది. ఆ బొమ్మలు తిరిగి తేవడం ఎవరివల్లా కాదు. కొన్న రోజే కార్డు రీడర్‌తో కంప్యూటర్‌కి తగిలించి, విండోస్‌లో ‘హెచ్2టెస్ట్‌డబ్ల్యూ’, లినక్స్‌లో ‘ఎఫ్3’ నడపండి. అవి కార్డంతా రాసి మళ్లీ చదివి పోలుస్తాయి. 128 జీబీకి గంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు, ఓపిక పట్టండి. అసలైన 128 కార్డు విండోస్‌లో 119 అని కనబడుతుంది. అది మోసం కాదు. కంపెనీ వెయ్యి లెక్కన కొలుస్తుంది, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది.

కొన్ని ఫోన్లలో కార్డు పెట్టగానే ‘ఫోను స్టోరేజ్‌గా వాడాలా’ అని అడుగుతుంది. వద్దనండి. ఒప్పుకుంటే కార్డు ఆ ఫోనుకే తాళం వేసుకుంటుంది. ఇంకెక్కడ పెట్టినా చదవలేరు, ఫోను చెడితే కార్డులోవీ పోయినట్టే, కార్డు నెమ్మది ఫోనంతటికీ అంటుకుంటుంది.

ఇంక ఇంటర్‌ఫేస్. షాపులో డెమో పీస్ ఇంగ్లీషులో, చిన్న అక్షరాలతో, మిలమిలలాడే వెలుగులో పెట్టి ఉంటుంది. నాన్నగారు వాడబోయే ఫోను అది కాదు. మొదట సెట్టింగ్స్‌లో భాష తెలుగు చేయండి. తరవాత డిస్‌ప్లేలో ఫాంట్ సైజు, డిస్‌ప్లే సైజు రెండూ పెద్దవి చేయండి. ఫాంట్ సైజు అక్షరాల్ని మాత్రమే పెంచుతుంది, డిస్‌ప్లే సైజు బటన్లనీ ఐకాన్లనీ కూడా. రెండూ కలిసినప్పుడే లోపాలు బయటపడతాయి. ఈ స్థితిలో డయలర్, మెసేజ్‌లు, పైనుంచి కిందికి లాగే నోటిఫికేషన్ తెర, వైఫై సెట్టింగ్ తెరిచి చూడండి.

చూడాల్సింది ఒత్తులు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఐఎస్ 16333 మూడో భాగం ప్రకారం మన దేశంలో అమ్మే ఫోనులో 22 అధికార భాషల అక్షరాలూ చదవడానికి వీలుగా కనబడాలి. కాబట్టి పాతకాలంలోలాగా అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనబడవు. కానీ అక్షరం కనబడటం వేరు, ఒత్తు తెగకుండా కనబడటం వేరు. బటన్లూ వరసలూ ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకి కొలిచి గీస్తారు. తెలుగులో ఒత్తులు కిందికి ఒకదాని కింద ఒకటి దిగుతాయి. ఎత్తు చాలనిచోట కిందిభాగం కోసేసినట్టు పోతుంది. ‘లక్ష్మి’, ‘కృష్ణ’, ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’ అని నాలుగు పేర్లు కాంటాక్టుల్లో సేవ్ చేసి, ఆ నంబర్ నుంచి కాల్ వచ్చినప్పుడు తెర ఎలా ఉంటుందో చూడండి. ‘జ్యోత్స్న’లో నకారపు ఒత్తు పూర్తిగా కనబడితే మిగతావన్నీ కనబడినట్టే. కంపెనీ సొంత డయలర్‌లో తెగి, గూగుల్ డయలర్‌లో తెగకపోవడం కూడా ఉంటుంది. అలాంటప్పుడు డయలర్ మార్చుకుంటే చాలు, ఫోను మార్చక్కర్లేదు.

మన లిపి యంత్రాలకి ఎంత కష్టమో గుర్తుచేసుకోవడానికి 2018 ఫిబ్రవరి చాలు. మధ్యలో కంటికి కనబడని విడదీత గుర్తు ఉన్న ‘జ్ఞా’ ఒక్కటి మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కూలిపోయాయి. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2.6 తో సరిచేశారు. అందుకే తెలుగు పరీక్షని షోకు అనుకోవద్దు.

టైపింగ్ చూడండి. జీబోర్డ్‌లో (గూగుల్ కీబోర్డు) తెలుగు రెండు రకాలు: నేరుగా తెలుగు అక్షరాల పలక, ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మార్చేది. నాన్నగారికి ఏది చేతికొస్తుందో ఆయన్నే కొట్టి చూడమనండి. ‘స్త్రీ’ మనకి ఒక్క అక్షరం, ఫోనుకి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. తప్పు కొట్టి చెరిపితే ఒక్కో నొక్కుకి ఒక్కో ముక్క పోతుంది, మధ్యలో వింత రూపాలు కనబడతాయి. ఇది లోపం కాదని ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఫోను పాడైందని కంగారుపడతారు. చాలామంది పెద్దలకి అసలు కీబోర్డు కన్నా మైకే సుఖం. మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడించి చూడండి. షాపు గోలలోనూ సరిగా పట్టుకుంటే ఆ ఫోను మైకు మంచిదే.

ఈ ఆరు ముక్కల లెక్క స్టోరేజ్‌కీ తగులుతుంది. ఒక్కో తెలుగు ముక్కకి 3 బైట్లు, అంటే ‘స్త్రీ’కి 18. ఫోనులో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు, అంటే తెలుగులో 85 ముక్కలే. వధూవరుల పేర్లు, ఊళ్లు, ముహూర్తం అన్నీ కలిపి పేరు పెట్టిన శుభలేఖ పీడీఎఫ్ కంప్యూటర్‌లో బాగానే ఉండి ఫోనులోకి కాపీ కానంటే కారణం ఇదే. పేరు కుదించండి, వెళ్లిపోతుంది. ఎస్ఎంఎస్ కూడా ఇంతే: ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే ఒక మెసేజ్‌లో తెలుగు కలిస్తే 70 ముక్కలే పడతాయి.

టచ్ పరీక్షకి యాప్ అక్కర్లేదు. హోమ్ స్క్రీన్ మీద ఒక ఐకాన్‌ని పట్టుకుని, వేలు ఎత్తకుండా తెరంతా నాగలి చాళ్లలా మెల్లగా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా జారి పడిపోతే అక్కడ టచ్ చచ్చిందని అర్థం. అంచులు, మూలలు వదలొద్దు. శాంసంగ్ అయితే డయలర్‌లో స్టార్, హ్యాష్, సున్నా, స్టార్, హ్యాష్ కొడితే పరీక్షల పట్టిక తెరుచుకుంటుంది. టెంపర్డ్ గ్లాస్ వేయించాక ఇదే పరీక్ష మళ్లీ చేయండి. గ్లాసు మందంగా ఉండి పట్టు తగ్గితే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ‘టచ్ సెన్సిటివిటీ’ ఉంటుంది.

వేలిముద్ర నాన్నగారిదే పెట్టి చూడండి. పొలం పనో, సున్నం సిమెంటు పనో చేసినవాళ్ల వేళ్లు అరిగి ఉంటాయి. తెర కింద ఉండే సెన్సర్ కన్నా పక్క బటన్‌లో ఉండేది అలాంటి వేళ్లని సాధారణంగా మెరుగ్గా పడుతుంది. ఒకే బొటనవేలిని రెండుసార్లు, రెండు వేర్వేరు కోణాల్లో నమోదు చేస్తే తప్పిపోవడం బాగా తగ్గుతుంది.

వెనక్కి వెళ్లడానికి తెర అంచు నుంచి లాగే పద్ధతి పెద్దవాళ్లకి అలవాటయ్యేదాకా నరకం. సెట్టింగ్స్‌లో నావిగేషన్ మూడు బటన్లకి మార్చండి. యాక్సెసిబిలిటీలో ‘టచ్ అండ్ హోల్డ్ డిలే’ని ‘లాంగ్’ చేయండి. పెద్దవాళ్లు వేలిని ఒక క్షణం ఎక్కువసేపు ఆనించడం సహజం, ఫోను దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుని ఐకాన్ పీకేస్తుంది. ఆ తరవాత ‘వాట్సాప్ పోయింది’ అని ఫోన్ వస్తుంది. హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ లాక్ చేస్తే ఆ బెడద పూర్తిగా పోతుంది. 90 లేదా 120 హెర్ట్‌జ్ తెర (సెకనుకు అన్నిసార్లు బొమ్మ మార్చేది) బాగుంటుంది గానీ నెమ్మది స్టోరేజ్ దాన్ని తినేస్తుంది. 60 హెర్ట్‌జ్‌తో యూఎఫ్ఎస్, 120 హెర్ట్‌జ్‌తో ఈఎమ్ఎమ్‌సీ రెండూ ఎదురైతే మొదటిదే నా ఎంపిక.

ప్రకటనలు కూడా ఇంటర్‌ఫేస్‌లో భాగమే. లాక్ స్క్రీన్ మీద వార్తలు, బొమ్మలు మారుతుంటే దాన్ని ఎక్కడ ఆపాలో షాపులోనే అడిగి ఆపించి చూడండి. యూపీఐ వాడే పెద్దాయన తెర మీద తప్పు నొక్కుకి అవకాశమిచ్చే ఏ బొమ్మా ఉండకూడదు. అలాగే ‘అబౌట్ ఫోన్’లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. ఆరు నెలలు దాటిన తేదీ ఉండి, అప్‌డేట్ నొక్కితే ఏమీ రాకపోతే ఆ మోడల్‌ని కంపెనీ పట్టించుకోవట్లేదని లెక్క.

ఫోను ఇంటికొచ్చాక మొదటి సాయంత్రమే చేయాల్సినవి ఉన్నాయి. ప్రారంభ సెటప్‌లో ‘సిఫార్సు చేసిన యాప్‌లు’ అని టిక్‌లు పెట్టి ఉంచుతారు, అన్నీ తీసేయండి. క్లీనర్, బూస్టర్ పేరుతో ఏదీ వేయొద్దు. వాట్సాప్‌లో సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటాకి వెళ్లి, మొబైల్ డేటాలోనూ వైఫైలోనూ వీడియోలు, డాక్యుమెంట్ల ఆటో డౌన్‌లోడ్ ఆపండి, ఫోటోలు వదిలేయండి. ‘మీడియా విజిబిలిటీ’ ఆఫ్ చేస్తే చోటు మిగులుతుందని చాలామంది నమ్ముతారు. అది గ్యాలరీలో కనబడకుండా దాస్తుంది, అంతే. ఫైలు లోపలే ఉంటుంది.

నెలకోసారి అదే చోట ‘మేనేజ్ స్టోరేజ్’ తెరిచి, ‘5 ఎంబీ కన్నా పెద్దవి’, ‘చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి’ అన్న రెండు వరసల్లో ఏరేయండి. అయినా తగ్గకపోతే ఫైల్స్ యాప్‌లో ఆండ్రాయిడ్ ఫోల్డర్, అందులో మీడియా, అందులో వాట్సాప్ తెరవండి. రెండుచోట్ల దాగి ఉంటుంది. ఒకటి వీడియో ఫోల్డర్ లోపలి ‘సెంట్’: ఆయన ఇతరులకి పంపినవాటి ప్రతులు. రెండోది ‘డేటాబేసెస్’: చాట్‌ల రోజువారీ బ్యాకప్‌లు, వారం రోజులవి. చాట్ ఫైలు 300 ఎంబీ ఉంటే ఇవి 2 జీబీ దాటతాయి. అందులో పేరు మధ్యలో తేదీ లేని ఫైలు తాజాది, దాన్ని ఉంచి, తేదీలున్న పాతవి తీసేయొచ్చు. గ్యాలరీలోంచి తీసేసిన ఫోటోలు, వీడియోలు దాని బిన్‌లో 30 రోజులు ఉంటాయి, గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవైతే 60. బిన్ ఖాళీ చేస్తేనే చోటు వెనక్కొస్తుంది. ఒక హెచ్చరిక: యాప్ వివరాల్లో ‘క్లియర్ కాష్’ నొక్కొచ్చు, దాని పక్కనున్న ‘క్లియర్ స్టోరేజ్’ వాట్సాప్‌కీ యూపీఐ యాప్‌కీ నొక్కకూడదు. నొక్కితే వాట్సాప్ చాట్‌లు పోగొట్టుకుంటుంది, యూపీఐ యాప్ మళ్లీ మొదటి నుంచి రిజిస్టర్ చేయమంటుంది.

బ్యాకప్‌కి గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. 2021 జూన్ 1 నుంచి ఫోటోలన్నీ అందులోకే లెక్క, ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోకే. వాట్సాప్ బ్యాకప్‌లో వీడియోలు తీసేస్తే సరిపోతుంది. ఫోటోలకి ఓటీజీ పెన్‌డ్రైవ్ (ఫోనుకి నేరుగా తగిలించేది) కొనండి, టైప్ సీ మూతి ఉన్నది. ఈ ధర ఫోన్లలో టైప్ సీ మూతి ఉన్నా లోపల సాధారణంగా యూఎస్‌బీ 2.0 యే, సెకనుకు 35 ఎంబీ దాకా వెళ్తుంది. 40 జీబీ ఫోటోలకి దాదాపు ఇరవై నిమిషాలు, చిన్న ఫైళ్లు ఎక్కువుంటే ఇంకాస్త. ఈ బ్యాకప్ తప్పనిసరి ఎందుకంటే, ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బోర్డు కాలిపోతే మెకానిక్ చిప్ పీకి చదివించే పాత పద్ధతి పనిచేయదు.

పాత ఫోను నుంచి వాట్సాప్ తేవడానికి రెండు ఫోన్లూ ఒకే వైఫై మీద పెట్టి, పాతదాంట్లో సెట్టింగ్స్, చాట్స్, ‘ట్రాన్స్‌ఫర్ చాట్స్’ నొక్కి కొత్తదాని క్యూఆర్ స్కాన్ చేయండి. గూగుల్ చోటు అక్కర్లేదు. పాతది 32 జీబీ నిండి ఉంది కాబట్టి ముందు అందులో కనీసం 2 జీబీ ఖాళీ చేయండి, లేకపోతే మధ్యలో ఆగిపోవచ్చు. చాట్‌లు, ఫోటోలు కొత్తదాంట్లో తెరిచి చూసుకుని, యూపీఐతో ఒక రూపాయి పంపి నిర్ధారించుకున్నాక కూడా పాత ఫోనుని పదిహేను రోజులు ఫార్మాట్ చేయకుండా అలాగే ఉంచండి.